దివిటీ కోసం వేసిన కుర్చీ

"ఆ కుర్చీలో కూచోబాకురా! అది దివిటీ అన్నకి" అని శ్రీకాంత్ కసిరాడు.

భరత్ నవ్వుతూ లేచి, బెంచీ మీద పాల్ పక్కకు చేరాడు.

ఆత్మకూరులో శ్రీకాంత్ వాళ్లింటి వసారా అది. బల్ల మీద పాచికలు, పెన్సిళ్లు, ఉదయగిరి కోటకు శ్రీకాంత్ గీసిన పటం. ఒకడు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టి, పాచిక వేసి ముందుకు పోయే ఆట.

ఫోన్లోనూ ఇలాంటి ఆటే ఉంది. అందులోనే దొరికాడు దివిటీ. అసలు పేరు తెలియదు, గొంతు వినలేదు. ఏదైనా టైపు చేసి చెప్పడమే. ఆటలో అతనిది వైద్యుడి వేషం.

ఉద్యోగం పోయి, ఇంట్లో మాటలు పడలేక, ఇక చచ్చిపోదామని శ్రీకాంత్ తలుపేసుకున్న రోజున "పోబాకన్నా, నాతో మాట్లాడు" అంటూ వదలకుండా పట్టుకున్నది ఆ పుణ్యాత్ముడే. ఇవాళ తను ఊపిరి పీలుస్తున్నాడంటే అతని చలవే. ఒక్కసారి కళ్లారా చూడాలని ఇంటికి పిలిచాడు. దివిటీ వస్తానన్నాడు.

"ఫోన్లో ఆడేదే సుఖంరా" అన్నాడు పాల్. "ఎవురింటోడివి, ఏం చేస్తావని ఎవురూ అడగరు."

"ఏం సుఖం? బల్ల కాడైతే ముఖం చూస్తాం. ముఖం చూస్తే మనిషెట్టాంటోడో తెలీదా?" అన్నాడు శ్రీకాంత్.

"మీ అన్న ఎట్టుంటాడంటావు?"

"ఏ బెంగుళూరులోనో పెద్ద ఆఫీసరై ఉంటాడు. ఆ తెలివి చూస్తేనే తెలుస్తా ఉండాది."

గేటు దగ్గర ఎవరో దగ్గారు. సన్నటి కుర్రాడు. ఇస్త్రీ చొక్కా, అరిగిన చెప్పులు, చేతిలో నీళ్లు కారుతున్న సంచి.

"శ్రీకాంతన్న ఇల్లు ఇదేనా? సోమశిల నుంచి వస్తా ఉండాను."

"అమ్మా, చేపలొచ్చినాయి!" అని కేకేశాడు శ్రీకాంత్.

ప్రమీలమ్మ వంటింట్లోంచి వచ్చింది. రాబోయే అతిథి కోసం సోమశిల పోలేరయ్యకు ఫోన్ చేసి చేపలు తెమ్మని చెప్పి ఉంది.

"ఇంత ఆలస్యమా నాయనా? పెరట్లోకి పో. కత్తిపీట, బూడిద ఆడనే ఉండాయి. తోమి ఇచ్చి పో."

"అమ్మా, నేను..."

"డబ్బులు పోలేరయ్యకి ఇస్తాలే, పో."

అతను శ్రీకాంత్ వైపు చూశాడు. శ్రీకాంత్ కళ్లు గేటు మీదే ఉన్నాయి. అతను సంచితో పెరట్లోకి నడిచాడు.

చేపలు తోమి గిన్నెలో పెట్టి, చేతులు కడుక్కొని వసారా గడప దగ్గర నిలబడ్డాడు. ఆటలో భరత్ వేషం దెబ్బలు తిని కోట మెట్ల మీద పడి ఉంది.

"పడినోణ్ని ముందు బయటికి లాగండన్నా" అన్నాడు మెల్లగా. "కొట్లాట తర్వాతైనా చెయ్యొచ్చు."

శ్రీకాంత్‌కు చిర్రెత్తింది. "ఇవన్నీ నీకెందుకయ్యా? పనైపోతే బయల్దేరు. మా అన్న వచ్చే వేళయింది."

"సరేనన్నా" అన్నాడతను గేటు వైపు కదులుతూ. "నువ్వు బాగుండావు. అది చాలు."

ఆ మాటేమిటో శ్రీకాంత్ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం దాటింది. దివిటీ రాలేదు. ఆకలికి ఆగలేక ముగ్గురూ తిన్నారు. పులుసు బాగా కుదిరిందని భరత్ రెండోసారి వేయించుకున్నాడు.

శ్రీకాంత్ ఫోన్ తీసి ఆటలోకి వెళ్లాడు. జట్టులో దివిటీ పేరు లేదు. ఖాతానే తీసేశాడు.

"మోసం చేసినాడురా! మనమంటే లెక్కలేదు ఆ పెద్దమనిషికి."

ఇక ఈ జన్మలో అతన్ని వెతికి పట్టుకునే దారి లేదు. స్నేహితుల ముందు సిగ్గు కూడా మరిచి, శ్రీకాంత్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రం గేటు ముందు మోపెడ్ ఆగింది. పోలేరయ్య బుట్ట దించాడు.

"దోవలో బండి చెడిపోయిందమ్మా, ఏమనుకోబాకండి. ఇవిగో మీరు చెప్పిన చేపలు."

ప్రమీలమ్మ తెల్లబోయింది. "నీ మనిషి ఎప్పుడో తెచ్చి ఇచ్చినాడు గదయ్యా! ఇస్త్రీ చొక్కా వేసుకొని, సన్నంగా ఉండే పిలగోడు..."

"మా సురేశ్‌బాబా? వాడు చేపలమ్మేవోడు కాదు తల్లీ. ఫోన్ ఆటలో స్నేహితుడంట, ఆత్మకూరికి రమ్మని పిలిచినాడంట, వట్టి చేతుల్తో ఎట్ట పోయేదని పొద్దున్నే నా కాడ కొనుక్కొని బయల్దేరినాడు."