బల్లి పడ్డ సూప్

“బల్లి! బల్లి!”

వంటగది గుమ్మంలోంచి వచ్చిన ఆ కేకకి బడి భోజనాల హాలంతా బల్లలెక్కింది.

బల్లి ఎక్కడుందో తెలియదు గానీ బల్లల మీద మాత్రం నూట ఇరవై మంది పిల్లలున్నారు. వడ్డించబోతున్న ఆయమ్మ గరిటెలోకి ఒకసారి తొంగిచూసి, గరిటెనే విసిరేసింది.

అరిచినవాడు గిన్నెలు కడిగే కొత్త మనిషి. చేరి పదిరోజులైంది. యాభై దాటిన వయసు, పొదుపైన మాట. వంటగదిలో అందరూ అతన్ని ‘చెంచా’ అంటారు.

ఆ పేరు పెట్టింది వంటమాస్టరే. ఒక పేరుకి రెండు వాతలు. వంట దించగానే అతను రోజూ ఒక చెంచాడు అడిగి నాలిక మీద వేసుకుని, గోడ గడియారం వంక చూస్తూ నిలబడతాడు. తిండిపోతు కనక చెంచా. ప్రిన్సిపాల్ మేడమ్ పెట్టిన వేగు అయ్యుంటాడు కనక ఇంకా పెద్ద చెంచా.

“ఎక్కడయ్యా బల్లి? సూప్‌లోనా?” ప్రిన్సిపాల్ పరుగున వచ్చింది.

చెంచా నోరు తెరిచాడు. మాట రాలేదు. డేగిసా వైపు వేలు చూపించాడు.

“ఎవరూ నోట్లో పెట్టకండి! మొత్తం పారబోయండి!”

“నా సూప్‌లో బల్లా?” వంటమాస్టరు గొంతు హాలు దాటింది. “ముప్ఫై ఏళ్ల చెయ్యి మేడమ్ ఇది! బల్లి కాదు గదా, బల్లి తోక కూడా దొరకదు!”

పైకి నోరు లేచింది గానీ, లోపల ప్రాణం లేచొచ్చింది. సూప్‌లో బల్లి లేదని ఆయనకి తెలుసు.

ఏముందో కూడా తెలుసు.

‘ఈ వంటగదిలోకి పల్లీలు రాకూడదు’ అని గోడ మీద కాగితం ఉంది. ఒకటో తరగతిలో ఒక పాపకి పల్లీ పడదు. పలుకు నోట్లో పడితే గొంతు పూడుకుపోతుంది. పాప మెళ్లో ఎర్రబిళ్ల, నర్సు జేబులో ఎప్పుడూ విరుగుడు సూది ఒకటి.

“పల్లీ పడదట! మా చిన్నప్పుడు పల్లీ కింద పడితే ఊదుకుని తినేవాళ్లం. ఎలర్జీ లేదు, గిలర్జీ లేదు. పల్లీ అంటే ఎనర్జీ!” అనేవాడు వంటమాస్టరు. వంటగది పగలబడి నవ్వేది. చెంచా ఒక్కడే నవ్వేవాడు కాదు.

నిన్న పిల్లలెవరూ సూప్ ముట్టలేదు. “మాస్టారూ, ఇది తాగే సూపా, చూపుకే సూపా?” అంది ప్రిన్సిపాల్, అందరి ముందూ. మాటలతో బతికే మనిషికి మాట తగిలింది.

అందుకే ఇవాళ ఇంటినుంచి పల్లీ పొడి తెచ్చాడు. రెండు గుప్పెళ్లు. ఎవరూ చూడకుండా. ‘ఇంత డేగిసాలో ఆ పిల్ల గిన్నెలోకి వచ్చేదెంతలే’ అనుకున్నాడు.

చెంచా ఎప్పట్లాగే ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాడు. “ఆగండి మాస్టారూ, ఒక్క పది నిమిషాలు,” అన్నాడు. “నీ పది నిమిషాలకి పిల్లల కడుపులు ఆగుతాయటయ్యా?” అని మాస్టరు డేగిసాని హాల్లోకి తోయించాడు.

ఆ తర్వాతే ఆ కేక.

సూప్ వడకట్టారు. బల్లి లేదు. సింకులో పోశారు. అందులోనూ లేదు.

“బల్లీ లేదు, గిల్లీ లేదు! చెంచాగారికి పట్టపగలే కలొచ్చింది!”

హాలంతా నవ్వింది. పిల్లలకి రొట్టెలు, పళ్లు పెట్టారు. ఎర్రబిళ్ల పాప అరటిపండు ఒలుచుకుంటోంది. వంటమాస్టరు ఆ పాప వంక రెండుసార్లు చూసి, ఊపిరి వదిలాడు.

నవ్వులయ్యాక చూస్తే చెంచా లేడు. ఎవరూ వెతకలేదు.

పావుగంట తర్వాత, నాలుగు దులుపుదామని మాస్టరే వెనక్కి వెళ్లాడు.

చెంచా కుళాయి పక్కన గోడకి జారగిలబడి ఉన్నాడు.

“ఏమయ్యా, నా సూప్ నీళ్లపాలు చేసి ఇక్కడ నిద్రపోతున్నావా?”

చెంచా తలెత్తాడు. కళ్లు సగం పూడిపోయాయి. పెదవులు రెండూ బూరెల్లా ఉబ్బిపోయాయి. ఊపిరి ఈల వేస్తోంది.

“బాబ... దాగిందా?”

“ఏ బాబు? ఎక్కడ దాగాడు?”

చెంచా తల అడ్డంగా ఊపాడు. వేలితో తన మెడ కింద గుండ్రంగా గీశాడు.

“బాబ... దాగిందా?”

పాప. తాగిందా.

బతుకంతా అక్షరాలతో ఆడుకున్నవాడికి ఒక్క అక్షరం అర్థం కావడానికి ఇంతసేపు పట్టింది.

“లేదయ్యా! తాగలేదు! చుక్క కూడా తాగలేదు!”

చెంచా కళ్లు మూసుకున్నాడు.

మాస్టరు కేకలకి నర్సు పరుగెత్తుకొచ్చింది. సూది తీసింది. చెంచా ఆ చేతిని తోసేశాడు.

“బాబగి... ఉంచ...”

“పాపకేం కాలేదు బాబాయ్, నువ్వు కదలకు!”

పొడిచింది.

అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చింది. వెళ్లేటప్పుడు కూత పెట్టలేదు.

మర్నాడు బడికి సంతాప సెలవు. పిల్లలు లేని హాల్లో అందరూ కూర్చున్నారు.

“నాకొక్కటే అర్థం కావట్లేదు,” అంది ప్రిన్సిపాల్. “లేని బల్లిని ఉందని ఎందుకన్నాడు?”

వంటమాస్టరు లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

“ఆయన బల్లి అనలేదు మేడమ్. పెదాలు వాచిపోయి ‘ప’ పలకలేదు. పల్లీ అన్నాడు. వేసింది నేను.”



“మరి ఒక్క చెంచాడుకే ఆయన పెదాలెందుకు వాచాయి?” అంది ఆయమ్మ.

నర్సు తలెత్తకుండానే చెప్పింది. “ఆసుపత్రికి వాళ్ల అక్కగారొచ్చారు. ‘మా బడిలో అచ్చం నాలాంటి పాపే ఒకతి ఉందక్కా, దానికంటే ముందు నేను రుచి చూస్తున్నా’ అన్నాడట, పనిలో చేరిన రోజే.”