సీట్లున్నాయా?

"తప్పు నాదే మామయ్యగారూ. ఫోన్ మ్యాపులో మన నర్సరీని మొక్కల దుకాణాల్లో కాకుండా పిల్లల బడుల్లో చేర్చేశాను."

ఊరందరికీ కనబడేలా చేస్తానని గొప్పలు పోయిన కోడల్ని నేనే.

"అదా సంగతి! వారం నుంచి ఒక్కళ్ళూ మొక్క అడగరు. సీట్లున్నాయా అంటారు." గులాబీ అంటుకి గుడ్డపీలిక చుడుతూ విసుక్కున్నారాయన.

"ఇప్పుడే మార్చేస్తా."

"మార్చు. కానీ..." ఆయన చేతులు ఆగాయి. "నిన్న ఒకావిడ ఫోన్ చేసింది. పాపకి నాలుగేళ్ళొచ్చినా మాటలు రాలేదట. ఏ బడీ చేర్చుకోలేదట. మీరైనా చేర్చుకుంటారా అంది."

"మనవి మొక్కలని చెప్పారుగా?"

"చెబుదామనే నోరు తెరిచాను. ఆ గొంతు విన్నాక చెప్పలేకపోయాను. మా దగ్గర ఒక్కదానికీ మాటలు రావమ్మా, అన్నీ బాగానే పెరుగుతున్నాయి అనేశాను."

"ఆవిడేమంది?"

"ఏడ్చింది. పొద్దున్నే తీసుకొస్తానంది."

గేటు కిర్రుమంది. వీపున కొత్త సంచీతో ఉన్న పాప చెయ్యి పట్టుకుని ఒకావిడ నిలబడింది.

"నర్సరీ ఇదేనాండీ?"

మామయ్యగారు తలెత్తలేదు.

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను.

"ఇదేనండీ," అన్నాను.