తీసుకెళ్లని ఫొటో

సముద్రంలోకి సాగిన రాతికట్ట మొదట్లో నిలబడ్డ ఫొటోగ్రాఫర్‌కి భార్యతో వచ్చిన తండ్రి తన కూతురి ఫొటో చూపించాడు.

"ఇల్లు వదిలి ఎనిమిది నెలలైంది. ఈ సిటీలోనే ఎక్కడో ఉంటుంది."

ఫొటోగ్రాఫర్ పెట్టె వెతికి, ఎవరూ తీసుకెళ్లని ఫొటోల్లోంచి ఒకటి తీశాడు. అదే అమ్మాయి. గాలికి జుట్టు రేగిపోయి నవ్వుతోంది.

"చూశావా! నేను చెప్పలేదూ?" అన్నాడు తండ్రి, భార్యతో.

ఆమె ఫొటోగ్రాఫర్‌నే చూస్తూ, "దీన్నెందుకు తీసుకెళ్లలేదు బాబూ?" అంది.

"ప్రింటయ్యేదాకా ఎవరు ఆగుతారమ్మా? కట్ట చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటానంది."

"అట్నుంచి ఇంకో దారుందా?"

"లేదమ్మా."

తండ్రి ఫొటోను మెల్లగా వెనక్కిచ్చేశాడు. "మీ దగ్గరే ఉంచండి. తిరిగొచ్చి అడుగుతుంది."

కూతురు ఇక లేదని ఇన్నాళ్లూ ఆయనతో వాదించిన ఆమె, మొదటిసారి తలూపింది.

"అవును బాబూ, ఉంచండి. అడుగుతుంది."