అడుగు మన్ను

క్వారీ గుంతలో నీళ్ళు ఆకుపచ్చగా, గాలికి కూడా కదలకుండా ఉన్నాయి.

ఒడ్డున వేసిన ప్లాస్టిక్ కుర్చీలో సరోజమ్మ కూర్చుంది. షూటింగువాళ్ళు ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది.

పక్కనే ఆమె మనవరాలు దీవెనకు జడ వేస్తున్నారు. హీరోయిన్ బట్టలు, హీరోయిన్ జడ. దూకేది మాత్రం దీవెన. మొయినాబాద్ ఫాంహౌసుల్లో షూటింగులు జరిగితే పడే పనులకు, దూకే పనులకు దీవెననే పిలుస్తారు.

నలభై ఏళ్ళ కింద ఇక్కడే, హీరో చొక్కా తొడుక్కుని, సరోజమ్మ తమ్ముడు ఎలీషా నిలబడ్డాడు.

ఆ సాహసాల సినిమానే ఇప్పుడు మళ్ళీ తీస్తున్నారు.

"రీమేక్ కాదవ్వా, రీబూట్," అన్నది దీవెన, పొద్దున సురంగల్‌లో ఇల్లు దాటుతూ. "హీరో ప్లేసుల హీరోయిన్ ఉంటది. పాతదానికన్న మంచిగొస్తున్నది."

"ఏదైతేంది బిడ్డా. గుంత అదే గద."

దీవెన నవ్వింది. "ఒక్కసారే దుంకుత. ఫికర్ చెయ్యకు."

పాత సినిమాలో ఒక లోటుంది. హీరో గుంతలోకి దూకుతాడు. మరుక్షణం ఆరిన జుట్టుతో ఒడ్డున నిలబడి ఉంటాడు. చేవెళ్ళ టాకీసులో జనం ఈలలు వేసి నవ్వారు.

నీళ్ళలోంచి పైకి వచ్చే ముక్క ఆ సినిమాలో లేదు. మరునాడు తీద్దామనుకున్నారు. మరునాడు షూటింగ్ జరగలేదు.

ఎలీషా మొదటిసారి బాగానే తేలాడు. కెమెరా కూడా సర్దేశారు.

సురంగల్ ఈతగాళ్ళకు ఒక పట్టింపు ఉంది. దూకినవాడు అడుగు ముట్టాలి. ముట్టినందుకు గుర్తుగా పిడికెడు మన్ను తెచ్చి చూపాలి.

ఎలీషా చేతులు ఖాళీగా ఉన్నాయి.

"మన్నేదిరా? సినిమావోళ్ళ అంగి తొడగంగనే అడుగు మర్చిపోయినవా?" అని ఒడ్డు మీంచి ఒకడు కేకేశాడు.

ఎలీషా నవ్వి, మళ్ళీ మునిగాడు.

ఈ సంగతి దీవెనకు సరోజమ్మే చెప్పింది. దీవెన డైరెక్టర్ రిత్విక్‌కు చెప్పింది. అతను ఆ రోజే సీను మార్చాడు. కొత్త సినిమాలో హీరోయిన్ పిడికెడు మన్నుతో పైకి వస్తుంది.

గొర్రెలు తోలుకొచ్చిన బీరయ్య కుర్చీ పక్కన ఆగాడు. ఆనాడు కేకేసింది అతనే. ఆ తర్వాత ఎన్నడూ నీళ్ళలో దిగలేదు.

"మన్ను ముచ్చట వీళ్ళకెవరు చెప్పిన్రక్కా?"

సరోజమ్మ నీళ్ళ వైపే చూసింది.

దీవెన వచ్చి ఆమె ముందు మోకరిల్లింది. సరోజమ్మ మనవరాలి తల మీద చేయి పెట్టి కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"ఆమెన్ అనవ్వా. వెల్తురు పోతున్నది."

"ఇంకా చెప్పుకునేటియి ఉన్నయి."

"మిగిలినయి నేనొచ్చినంక చెప్పుకో."

చేయి కింద నుంచి తల జారిపోయింది.

గట్టు మీంచి దీవెన దూకింది. నీళ్ళు విరిగాయి. అతుక్కున్నాయి.

సరోజమ్మ ఊపిరి బిగబట్టింది. అది అయిపోయింది. ఇంకోసారి పీల్చి బిగబట్టింది. అదీ అయిపోయింది. కాపలాకు పడవలో ఉంచిన ఈతగాళ్ళు లేచి నిలబడ్డారు.

ముందు తల. తర్వాత పిడికిలి. వేళ్ళ సందుల్లోంచి నల్లటి మన్ను.

అందరూ చప్పట్లు కొట్టారు. బీరయ్య కొట్టలేదు.

"పాత సినిమా దీని ముందు ఎందుకూ పనికిరాదు!" అన్నాడు రిత్విక్. తెర మీద అదే ముక్కను మళ్ళీ వేసుకుని చూశాడు. ఇంకోసారి చూశాడు.

"సేఫ్టీకి ఇంకొక్క టేక్ తీద్దాం. దూకక్కర్లేదు. పైకి రావడం ఒక్కటే. ఈసారి ముందు పిడికిలి రావాలి. మొహం తర్వాత."

సరోజమ్మ లేచింది. "ఒక్కసారే అన్నరు గద సారూ."

"బాగా వచ్చిందమ్మా. ఇంకా బాగా వస్తుంది."

ఆమె గొంతు తగ్గించింది. "మన్ను దాని చేతిలనే ఉన్నది. మళ్ళ అడుగుకెందుకు? అదే మన్ను పట్టుకొని జర పైపైన మునిగి లెవ్వమను. సినిమాల ఎవరికి తెలుస్తది?"

రిత్విక్ తల ఊపాడు. "తెలియదు. అలాగే కానిద్దాం." మైకు తీసుకుని నీళ్ళ వైపు అదే మాట చెప్పాడు.

సరోజమ్మ కుర్చీని తడుముకుని కూర్చుంది.

పడవ అంచు పట్టుకున్న దీవెన ఒడ్డు చుట్టూ చూసింది. సురంగల్ సగం అక్కడే ఉంది. అందరి చేతుల్లో ఫోన్లు.

"ఊరోళ్ళ ముంగట దొంగ మన్ను చూపియ్యాల్నా సార్?"

ఒడ్డు మీద నవ్వులు. ఎవడో ఈల వేశాడు. ఇంకొకడు అందుకున్నాడు.

"సాలు బిడ్డా!" బీరయ్య అరిచాడు. "మేం చూసినం! సాలు!"

ఈలల్లో అది కూడా ఒక కేకలాగే కలిసిపోయింది.

దీవెన నీళ్ళలో పిడికిలి విప్పింది.

కడిగిన అరచేతిని అందరికీ కనపడేలా పైకెత్తి చూపి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.