పక్క మంచం సైదులు

అడగకుండానే సగం బత్తాయి ధర్మయ్య చేతిలో పెట్టాడు పక్క మంచం మనిషి.

"తిను అన్నా. దవాఖాన ఇడ్లీకి నోరు సప్పగయ్యింటది."

ముక్కూ మొహం తెలియని వాడి పండు ఎవడడిగాడు? ధర్మయ్య విసుక్కున్నాడు. వద్దనడానికి మొహమాటం అడ్డొచ్చి తిన్నాడు.

ఆ మనిషి పేరు సైదులు. నందికొండలో చేపలు పడతాడట. వెంట ఎవరూ లేరు. అంత ఉక్కపోతలోనూ చొక్కాకు మెడదాకా గుండీలు పెట్టుకుని, దిండుకు ఆనుకుని కూర్చునే కునికేవాడు.

"పండుకోవా తమ్మీ?" అని ధర్మయ్య భార్య లీలమ్మ అడిగితే నవ్వాడు.

"పడవల కూసొని నిద్రపోయే అలవాటక్కా."

ధర్మయ్యది పుట్టపాక. మగ్గం నేస్తాడు. ఆయాసం ఎక్కువై నల్లగొండలోని ఆ గుండె దవాఖానలో చేరాడు.

పొద్దున డాక్టర్ సంధ్య వచ్చింది. ముందు సైదులు మంచం దగ్గర వంగి ఏదో మెల్లగా చెప్పింది. అతను తలూపాడు. తర్వాత ఆమె ధర్మయ్య వైపు తిరిగింది.

"గుండెకు రక్తం పోయే నాళాలు మూడు పూడుకున్నయి. లోపలి కవాటం గూడ సరిగ మూసుకుంటలేదు, రక్తం ఎనకకు కారుతాంది."

"చెయ్యి నరం నుంచి స్టెంట్లు ఏస్తరంట గద మేడం? గవి ఏసి పంపుండ్రి."

"స్టెంట్లు పూడికకే. కవాటం కారుడు దాంతోని ఆగదు. ఛాతీ తెరిచి బైపాస్ చేసి, అదే ఆపరేషన్ల కవాటం గూడ బాగుచేస్తం. బాగుకాకుంటే కొత్తది పెడతం. కోతకు తట్టుకోలేనోళ్లకు తొడ నరం నుంచి కవాటానికి క్లిప్పు ఏస్తరు, అది గూడ అందరికీ కుదరది. మీకు సత్తువ ఉన్నది. మీరు తట్టుకుంటరు."

"మగ్గం మీద ఎప్పుడు కూసోవచ్చు?"

"మూడు నెలలైనంక."

ధర్మయ్య మొహం తిప్పుకున్నాడు. మగ్గం మీద సగం నేసిన పడుగు ఉంది. ఒకరు మొదలుపెట్టిన పడుగులో ఇంకొకరు నేస్తే చేతి దెబ్బ మారుతుంది, చీరలో అక్కడ గీత పడుతుంది. తన పడుగును ధర్మయ్య ఏనాడూ ఇంకొకరికి అప్పజెప్పలేదు. ఆ ఒక్క గీత కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడానికైనా సిద్ధపడే మొండిఘటం.

"ఇంకొకలు నేస్తే సీరల గీత పడ్తది. స్టెంట్లే ఏయుండ్రి" అన్నాడు.

లీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

డాక్టర్ వెళ్లగానే సైదులు మంచం అంచుకు జరిగాడు.

"అన్నా, నాది గూడ గిదే బీమారి. పూడిక, కారుడు రెండూ."

"అయితే?"

"కోయించుకున్న. పడవ మా బామ్మర్దికిచ్చి ఇంట్ల కూసున్న. ఇప్పుడు మల్ల వల ఇసురుతున్న."

"మరి గీడెందుకున్నవ్?"

"సూపిచ్చుకోనీకి వచ్చిన. గంతే."

ధర్మయ్యకు అనుమానం వచ్చింది.

"కోతకు ఒప్పియ్యమని దవాఖానోల్లు నిన్ను గీడ కూసోపెట్టిన్రా ఏంది?"

లీలమ్మకు తల కొట్టేసినట్టయింది. సైదులు మాత్రం నొచ్చుకోలేదు.

కాసేపటికి ధర్మయ్యే అడిగాడు.

"నొప్పయితదా?"

"అయితది. అబద్ధమెందుకు? దగ్గితే పానం పోయినట్టుంటది. దిండును రొమ్ముకు అదుముకొని దగ్గాలె." సైదులు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "సీరల గీత పడితే పడనీ అన్నా. గా గీత సూసి అక్క నవ్వుకుంటది. నువ్వు లేకుంటే ఒట్టి మగ్గం సూసి ఏడుస్తది."

ఆ మాటకు ధర్మయ్య కరిగిపోయాడు. లీలమ్మ వంక చూడటానికి మొహం చెల్లలేదు. సాయంత్రం డాక్టరును పిలిపించి ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

థియేటర్లోకి తీసుకుపోయే రోజున పక్క మంచం ఖాళీగా ఉంది. ఇంటికి పోయాడన్నారు. చెప్పాపెట్టకుండా పోయినందుకు ధర్మయ్యకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మిగిలిన పడుగును లీలమ్మ నేసింది. అనుకున్నట్టే చీరలో గీత పడింది. దాని మీద వేలు పెట్టి చూసుకుని ఇద్దరూ నవ్వుకున్నారు.

మళ్లీ మగ్గం మీద కూర్చున్న ధర్మయ్య మొదట నేసింది ఒక తువ్వాల. దాన్ని సంచిలో పెట్టుకుని నందికొండ బస్సెక్కాడు.

అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. సైదులు భార్య పుల్లమ్మ గడపలో కూర్చుని వల బాగుచేస్తోంది.

"సైదులు లేడా చెల్లె? పుట్టపాక ధర్మయ్య వచ్చిండని చెప్పు."

ఆమె చేతిలోని వల జారింది.

"నేతాయనవు నువ్వేనా అన్నా? నువ్వొస్తే చేపల కూర తినిపిచ్చి తోలుమన్నడు. ఆయన పోయి రెండు నెలలాయె."

 సంచిలోంచి తువ్వాల బయటికి తియ్యడానికి ధర్మయ్యకు చేతులు రాలేదు.

"గంత పెద్ద కోతకు తట్టుకున్న మనిషి, ఎట్ల పోయిండు చెల్లె?"

"ఏ కోత అన్నా?" పుల్లమ్మ కళ్లు తుడుచుకుంది. "పడవ ఇంకొకని చేతికియ్యనని, చేపల కాలం పోతదని, అప్పట్ల ఉత్త స్టెంట్లే ఏయించుకొని వచ్చిండు. మీ దవాఖానల గా పొద్దు, నీ మంచం కాడికి రాకముందు, కోతకు గుండె తట్టుకోదు, క్లిప్పు గూడ కుదరది, ఇగ చేసేదేం లేదని డాక్టరమ్మ ఆయనకే చెప్పిందంట."