రెండేళ్ళు పక్కన పెట్టిన పత్రం

ఓపల్ బైబిలు తెచ్చి కోర్టు గుమాస్తా కౌంటరు మీద దబ్బున పెట్టింది.

పుట్టినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ రాసుకునే పేజీల మధ్య నుంచి ఓ మడత కాగితం తీసింది. రెండేళ్ళుగా అది అక్కడే భద్రంగా ఉంది.

"ఇదిగో, బాకీ తీరిందని విడుదల పత్రం. పన్నుల ఆఫీసువాళ్ళే పంపారు. మరి నా మీద లీన్, అదే ఆ పన్ను బాకీ కింద జప్తు హక్కు, ఇంకా ఉందని బ్యాంకువాడు ఎలా అంటాడు, లొరీన్?"

గుమాస్తా లొరీన్ కళ్ళజోడు సర్దుకుంది. ఆదివారం చర్చిలో ఆవిడ కూర్చునేది ఓపల్ వెనక బల్లలోనే.

"ఇది నీకు పంపిన నకలు. అసలుది మా పుస్తకాల్లోకి ఎక్కాలి, ఎక్కలేదు. మళ్ళీ వాళ్ళకి రాసుకో. నెలన్నర పడుతుంది."

"ఈ రోజు ఐదింటికల్లా బ్యాంకువాడు అప్పుకి ఊఁ అనకపోతే, ఓనరు నా అద్దె ఇల్లు నాకు కాకుండా లెక్సింగ్టన్ ఊరాయనకి అమ్మేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను అందులో."

"నన్నేం చెయ్యమంటావు చెప్పు."

గోడ గడియారంలో మూడున్నర.

బావులు తవ్విన మొగుడు డెల్బర్ట్ పన్ను ఎగ్గొట్టి పోయాడు. ఓపల్ తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు తోలి తీర్చింది.

లీన్ పడ్డ వారమే ఊరంతా చదివేసింది. ఈ ఆఫీసు మూలనున్న కంప్యూటరు ముందు ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరి పేరైనా కొట్టుకోవచ్చు.

ఆ ఆదివారమే చర్చి పెద్ద పక్కకి పిలిచి, "కానుకల లెక్క ఇక మేం చూసుకుంటాంలే, నువ్వు కాస్త విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు.

పదహారేళ్ళు ఆ కానుకల పళ్ళెం లెక్కపెట్టిన మనిషి ఓపల్. ఒక్క సెంటు తేడా రాలేదు.

"వచ్చిన కాగితాలు ఏ రోజుకారోజు రాసే పుస్తకం ఉంటుందిగా. అది తియ్యి."

"అది ఆఫీసు పుస్తకం, ఓపల్."

"నా లీన్ ఊరందరిదీ, ఆ పుస్తకం మాత్రం నీదా? అడిగినవాళ్ళకి చూపించాలని నీ నెత్తి మీదే బోర్డుంది, చదువుకో."

లొరీన్ తల తిప్పి బోర్డు చూసింది. పుస్తకం తెచ్చింది.

విడుదల పత్రం మీద ఉన్న తేదీ నుంచి ఓపల్ వేలు పెట్టి వెతికింది. మూడో పేజీలో వేలు ఆగింది.

'ఓపల్ స్టిడమ్, విడుదల పత్రం. ఫీజు రెండు డాలర్లు తక్కువ. పక్కన పెట్టడమైనది.'

గుండ్రటి రాత. ఏటా పుట్టినరోజు కార్డు మీద ఓపల్ చూసే రాతే.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"రెండు డాలర్లా?"

"ఆ జనవరిలో ఫీజు పెరిగింది. వాళ్ళు పాత రేటే పంపారు. మరి నేను..."

"రెండేళ్ళు నా వీపు చూస్తూ కీర్తనలు పాడావు కదే. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"నీ సొంత విషయం. చర్చిలో ఎత్తితే ఏం బాగుంటుందని."

ఓపల్ నవ్వింది. ఆ నవ్వుకి లొరీన్ ఓ అడుగు వెనక్కి వేసింది.

"లీన్ పడ్డ వారం చర్చిలో ఎత్తిందెవరే?"

లొరీన్ వంగి కింది సొరుగు లాగింది. అసలు పత్రం అందులోనే ఉంది. క్లిప్పు పెట్టినచోట తుప్పు మరక.

ఓపల్ రెండు డాలర్లు కౌంటరు మీద పెట్టింది. ముద్ర పడేసరికి నాలుగూ పది.

"బ్యాంకుకి ఒక నకలు చాలు" అంది లొరీన్, తలెత్తకుండా.

"చర్చికి ఎంతమందిమి వస్తాం?"

"నూట ముప్పై దాకా. ఎందుకు?"

"నూట ఇరవై తొమ్మిది తియ్యి. నువ్వు రెండేళ్ళ కిందటే చదివేశావు."

లొరీన్ నకళ్ళు తీసే యంత్రం మీట నొక్కింది. యంత్రం కదిలింది.

మొదటి కాగితం వేడివేడిగా బయటికి రాగానే ఓపల్ అందుకుని బైబిల్లో పెట్టుకుంది. బ్యాంకు వీధికి అవతలే.

తలుపు దగ్గర ఆగింది.

"మిగతావి ఆదివారం నువ్వే పట్టుకురా, లొరీన్. కానుకల పళ్ళెంలో వేద్దువుగాని."