కోళ్లు లేని ఊరు

“కోళ్లా? మాకెక్కడియి బిడ్డా!” అంది ఎంకవ్వ, చాటలోని తునికాకు మీంచి చూపు ఎత్తకుండానే.

సరిగ్గా అప్పుడే వెనక గదిలో, గంప కింద, పుంజు కూసింది.

వాకిట్లో నిలబడ్డ ఆడమనిషి చెవి ఒగ్గి విని, మరాఠీ యాసలో అడిగింది.

“మరి గదేంది అవ్వా?”

“ఫోను. దుబాయి నుంచి మా కొడుకు పంపిండు. గట్లనే మోగుతది.”

“మంచి ఫోనే. గుడ్లు గిట్ల పెడ్తదా?”

పక్కన బీడీలు చుడుతున్న బాలలక్ష్మికి నవ్వాగక దగ్గు వచ్చింది.

పశువుల దవాఖానా నుంచి సతీశ్ వచ్చి ఇంటింటికీ కోళ్ల లెక్క అడిగి పోయింది మొన్ననే. కోళ్లు రాయించుకుంటే పింఛను కోస్తారన్న పుకారు అతని బండి కంటే ముందే ఊరు చేరింది. దాంతో ఊరంతా ‘లేవు’ అన్న ఒక్క మాట మీద నిలబడింది. సర్పంచు ఎన్నికల్లో కూడా అంత ఐకమత్యం ఎవరూ చూడలేదు.

ఈ కొత్త మనిషి తనిఖీకి వచ్చి ఉంటుందనుకుంది ఎంకవ్వ. పింఛను పోతే బీడీలతో ఇల్లు గడవదు. బీడీల పని లేని రోజుల్లో ఆ కోళ్లే కూర, ఆ కోళ్లే మందు గోలీలు.

“ఉన్నయని చెప్పు అవ్వా. టీకాలు వస్తున్నయి. లెక్కల ఉన్న ఊర్లకే ఇస్తరు. కొక్కెర రోగం సొచ్చిందంటే గంప కింద దాసినా ఇడువదు.”

“లేని కోళ్లకు రోగమేంది, టీకాలేంది?”

“నీ కాళ్లు మొక్కుత. ఇప్పుడన్న దవాఖానల చెప్తే రాసుకుంటరు.”

ఎంకవ్వకు అనుమానం ముదిరింది. కాళ్లు మొక్కుతానన్న సర్కారు మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

“ఎండ ముదురుతున్నది, పో బిడ్డా,” అని మంచినీళ్లయినా ఇవ్వకుండా లోపలికి లేచిపోయింది.

“పింఛను కోసేటోళ్లు ఎంత తియ్యగ మాట్లాడుతరో సూశినవా అవ్వా!” అంది బాలలక్ష్మి.

నెల తిరక్కుండానే కొక్కెర రోగం వచ్చింది. కోళ్లు మెడలు మెలితిరిగి వాకిళ్లలో తూలాయి. ఊళ్లో లేని కోళ్లను ఊరవతల గుంతలు తీసి పూడ్చారు.

మిగిలిన ఒక్క పెట్టను సంచిలో పెట్టుకుని ఎంకవ్వ పశువుల దవాఖానా ఉన్న ఎల్లారెడ్డికి బస్సెక్కింది.

డాక్టర్ నిరోష పెట్ట రెక్క ఎత్తి చూసి, వదిలేసింది.

“ఇగ బతకదు అవ్వా. టీకా ముందే పడాలె. వచ్చినయన్నీ లెక్కల ఉన్న ఊర్లకు పంచినం. మీ ఊర్ల ఒక్క కోడి లేదన్నరు గదా?”

“తప్పయింది మేడం. మీరు మళ్లొకామెను పంపితిరి గదా, ఆమె ఇనేటట్టే చెప్పింది. నేనే ఇనలే. ఆమెను పిలువుండ్రి, మొఖం మీదనే ఒప్పుకుంట.”

“మేం ఎవ్వర్ని పంపలేదే!”

“గదే మేడం, బక్కగ ఉంటది, మాటల మరాఠీ యాస...”

“రుక్మాబాయా?”

డాక్టరమ్మ పెట్టను మెల్లగా సంచిలోకి సర్దింది.

“ఆమెది సర్కారు నౌకరీ కాదవ్వా. కోళ్లు లేవన్న ఊర్లేవో మమ్మల్ని అడుగుతది, తనే బస్సెక్కి పోతది. నిరుడు మేం లెక్కకు పోతే, ఇంటి నిండ కోళ్లు పెట్టుకొని ఒక్కటి లేదని ఒట్టేసి, అన్నిటినీ రోగానికి పోగొట్టుకున్న మనిషి.”